కాంప్టిస్ట్ అంటే ఏ ఉద్యోగం? కాంప్టోమీటర్, ఫేసిట్ ఒకటేనా?

పెట్టెలో_కాగితాలు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి సర్వీసు కాగితాలు సర్దుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆయన 1958లో మద్రాసులో దక్షిణ రైల్వే ఖాతాల కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. 1961 నుంచి హోదా గడిలో "కాంప్టిస్ట్" అని ఉంది. తర్వాత సికింద్రాబాదుకు బదిలీ. అమ్మను అడిగితే "మిషను మీద టోటళ్లు కొట్టేవారు, ఇంటికొచ్చి కూర్చున్నా బల్ల మీద వేళ్లు ఆడిస్తూనే ఉండేవారు" అంటుంది. మా బాబాయి మాత్రం అది ఫేసిట్ మిషనేనని, పక్కనున్న పిడిని అన్నయ్య తిప్పుతుంటే కళ్లారా చూశానని పట్టుబడుతున్నాడు.

ఇంట్లో పిల్లల కోసం నాన్నగారి గురించి నాలుగు పేజీలు రాసి పెడుతున్నాను. కాంప్టిస్ట్ అంటే సరిగ్గా ఏ పని? రైల్వేలోనే ఉన్న మాటా, బయట కూడా వాడేవారా? తెలుగులో ఏమని రాస్తే బాగుంటుంది?

ఎంటర్_నొక్కు

"కంప్యూటర్ ఆపరేటర్" అని రాయబోయి కుదించి ఉంటారు, లేదా అచ్చుతప్పు. పాత సర్వీసు రిజిస్టర్లలో ఇలాంటివి కోకొల్లలు. మా తాతగారి పుట్టిన తేదీ ఒకే రిజిస్టరులో రెండు రకాలుగా ఉంది.

రిటైర్డ్_లెడ్జరు

అచ్చుతప్పు కాదండి. 1961లో ఖాతాల గుమాస్తా బల్ల మీదికి కంప్యూటర్ ఎక్కడి నుంచి వస్తుంది? కాంప్టిస్ట్ అనేది నిఖార్సైన హోదా. టైపు మిషను మీద కూర్చునేవారు టైపిస్ట్, కాంప్టోమీటర్ మీద కూర్చునేవారు కాంప్టిస్ట్. అంతే.

కాంప్టోమీటర్ అంటే లెక్కలు కట్టే బల్ల మీది యంత్రం. కరెంటు అక్కర్లేదు (కరెంటుతో నడిచేవీ తర్వాత వచ్చాయి). నిలువు వరుసలుగా మీటలు ఉంటాయి. ఒక్కో వరుసలో 1 నుంచి 9 దాకా తొమ్మిది మీటలు, సున్నాకు మీట లేదు. కుడి చివరి వరుస ఒకట్లు, దాని పక్కది పదులు, ఆ పక్కది వందలు. ఎనిమిది, పది, పన్నెండు వరుసల యంత్రాలు ఉండేవి. ముందు అంచున చిన్న కిటికీల్లో జవాబు కనబడుతుంది.

దీని ప్రత్యేకత ఏమిటంటే మీట నొక్కిన క్షణమే ఆ అంకె మొత్తంలో కలిసిపోతుంది. కూడిక గుర్తు నొక్కడం లేదు, పిడి తిప్పడం లేదు. 347 కలపాలంటే వందల వరుసలో 3, పదుల్లో 4, ఒకట్లలో 7 మూడు వేళ్లతో ఒకేసారి నొక్కితే సరి, కిటికీలో మొత్తం మారిపోతుంది. చేయి తిరిగినవారు కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా పేజీ మొత్తం కొట్టేసేవారు. మీ అమ్మగారు చెప్పిన వేళ్ల ఆట ఆ అలవాటే అయి ఉంటుంది.

షికాగోలో డార్ ఫెల్ట్ అనే కుర్రవాడు 1884 చివర్లో మాకరోనీ వచ్చే చెక్కపెట్టెలో మాంసం గుచ్చే పుల్లలు, రబ్బరు పట్టీలు లాంటివి పెట్టి మొదటి నమూనా తయారు చేశాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఆ పెట్టె ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1887లో పేటెంటు వచ్చింది, 1889లో రాబర్ట్ టారంట్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. కాంప్టోమీటర్ అన్నది ఆ కంపెనీ సొంత వ్యాపార నామం. అలాంటి మీటల యంత్రాలను వేరే కంపెనీలు తయారు చేసినా జనం అదే పేరుతో పిలిచారు.

పెట్టెలో_కాగితాలు

లెడ్జరు గారూ, చాలా ధన్యవాదాలు. అయితే పిడి లేదంటున్నారు కదా, మరి మా బాబాయి చూసింది ఏమిటి? ఆయన జ్ఞాపకశక్తి మీద మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు (ఎవరు ఎప్పుడు ఎంత అప్పు తీసుకున్నారో పైసలతో సహా చెబుతాడు).

వాల్తేరు_లాబు

మీ బాబాయి గారు చెప్పిన ఫేసిట్ కూడా ఉండేదమ్మా, కానీ అది వేరే జాతి. స్టాటిస్టిక్స్ చదివిన మా తరం వాళ్లందరికీ ఆ పేరు వింటేనే చెవుల్లో గరగర మొదలవుతుంది. ప్రాక్టికల్ పరీక్ష రోజున హాలులో అందరూ ఒకేసారి పిడి తిప్పుతుంటే పరిశీలకుడు ఏం చెప్పినా ఎవరికీ వినబడేది కాదు.

ఫేసిట్ స్వీడన్ కంపెనీ. మేము వాడిన రకంలో ముందు భాగంలో 0 నుంచి 9 దాకా పది మీటలే ఉంటాయి, కుడి పక్కన పిడి. సంఖ్యను మీటలతో ఎక్కించి పిడిని ముందుకు ఒక చుట్టు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. 36తో గుణించాలంటే ఒకట్ల స్థానంలో ఆరు చుట్లు, ఒక స్థానం జరిపి మూడు చుట్లు. భాగహారమైతే గంట మోగేదాకా వెనక్కి తిప్పడం, మోగితే ఒక చుట్టు ముందుకు వేసి ఎక్కువ తీసినది తిరిగి ఇచ్చేయడం, స్థానం జరపడం, మళ్లీ తిప్పడం. పెద్ద భాగహారం ముగిసేసరికి భుజం పట్టేసేది.

దానికీ కొన్ని చమత్కారాలు ఉండేవి. మా మాస్టారు నేర్పినది ఒకటి చెబుతాను. సహసంబంధ గుణకం (రెండు కొలతలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే సంఖ్య) కట్టాలంటే ప్రతి జతకూ మూడు కావాలి: ఎక్స్ వర్గం, వై వర్గం, రెండింటి లబ్ధం. మూడు లెక్కలు విడివిడిగా చేయనక్కర్లేదు. ఎక్స్ 23, వై 17 అనుకోండి. మధ్యలో రెండు సున్నాలు పెట్టి 230017 అని ఎక్కించి, దాన్ని దానితోనే గుణించండి. జవాబు 52907820289. కుడి నుంచి నాలుగేసి అంకెలుగా విడగొట్టండి: 529, 0782, 0289. మొదటిది 23 వర్గం, చివరిది 17 వర్గం, నడుమది లబ్ధానికి రెట్టింపు. జవాబు గడిని చెరపకుండా తర్వాతి జతకు వెళితే మొత్తాలు వాటంతట అవే పేరుకుంటూ పోతాయి. నడుమ గడి నాలుగంకెలు దాటబోతోందేమో చూసుకోవాలి, దాటితే పక్క గడిలోకి పొర్లి లెక్కంతా పాడవుతుంది.

గోదారి_గట్టు

మా ఆఫీసులో (రైల్వే కాదు, రాష్ట్ర ప్రభుత్వ శాఖ) ఏ మిషనునైనా ఫేసిట్ అనే అనేవారు. దాని మీద పేరు ఏదున్నా సరే. "ఆ ఫేసిట్ ఇటు ఇవ్వవయ్యా" అంటే బ్రన్స్‌విగా (వేరే కంపెనీ పిడి యంత్రం) వచ్చేది. జిరాక్స్ కంపెనీ మిషను ఊళ్లో ఒక్కటీ లేకపోయినా జిరాక్స్ తీయించుకురమ్మంటాం కదా, అలాగే. కాబట్టి బాబాయి గారు ఫేసిట్ అన్నంత మాత్రాన అది ఫేసిట్ కానక్కర్లేదు.

కార్బన్_కాపీ

నాకు ఫేసిట్ అంటే టైపు మిషనే గుర్తొస్తుంది! ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్, గోద్రెజ్, హాల్డా, ఫేసిట్ వరుసగా ఉండేవి. ఫేసిట్ ఖాళీ అయ్యేదాకా బయట నిలబడేవాళ్లం.

వాల్తేరు_లాబు

రెండూ ఒకే కంపెనీవండి. మద్రాసు పెరుంగుడిలో ఫేసిట్ ఏషియా కర్మాగారం ఉండేది, మన ఇన్‌స్టిట్యూట్లకు టైపు మిషన్లు అక్కడి నుంచే వచ్చేవి. స్వీడన్‌లో అసలు కంపెనీ పిడి యంత్రాలతో మహా వైభవం చూసింది. ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్లు మార్కెట్లోకి దూసుకొచ్చాక 1970ల మొదట్లోనే కుప్పకూలి, 1973లో ఎలక్ట్రోలక్స్ చేతిలోకి వెళ్లింది. స్వీడిష్‌లో ఫేసిట్ అంటే లెక్కల పుస్తకం వెనక ఇచ్చే జవాబుల పట్టిక అని కూడా అర్థమట. యంత్రానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

ఎంటర్_నొక్కు

పేరు కాంప్టోమీటరైనా ఫేసిటైనా పని కూడికలే కదా. ఇంత తేడా చూపించాల్సిన అవసరం ఏముంది?

రిటైర్డ్_లెడ్జరు

అవసరం ఉందండి. పని చేసే చేతికి రెండూ ఒకటి కాదు. ఫేసిట్ మీద ఎవరైనా అరగంటలో పని నేర్చుకుంటారు, తప్పు ఎక్కిస్తే పిడి తిప్పకముందే దిద్దుకోవచ్చు. కాంప్టోమీటర్ మీద ఆ వెసులుబాటు లేదు, వేలు పడిందంటే అంకె కలిసిపోయినట్టే. అందుకే దానికి ప్రత్యేకంగా శిక్షణ, ప్రత్యేకంగా హోదా. ఫేసిట్ తిప్పేవాళ్లను ఫేసిటిస్ట్ అని ఎవరైనా అన్నారా?

ఎలా పని చేసేవారో చెబుతాను, పిల్లల కోసం రాస్తున్నారు కాబట్టి పనికొస్తుంది.

చేయి తిరిగిన కాంప్టిస్ట్ పొడవాటి కూడికల్లో 6, 7, 8, 9 మీటల జోలికి పోడు. అవి పైన ఎక్కడో ఉంటాయి, వేలు అంత దూరం సాగితే వేగం పోతుంది. 9 కావాలంటే 5, 4 రెండు దెబ్బలు. 8కి 4 రెండుసార్లు. 7కి 4, 3. చెయ్యి కిందనున్న 1 నుంచి 5 దాకా మీటల మీదే తేలుతూ ఉంటుంది. మొదట్లో ఇది వింతగా ఉంటుంది గానీ, రెండు దెబ్బలు కొట్టడమే ఒకసారి చెయ్యి చాచడం కంటే త్వరగా అవుతుంది.

గుణకారం చూడండి. 247ను 36తో గుణించాలి. కుడి చివర మూడు వరుసల్లో 2, 4, 7 మీటల మీద మూడు వేళ్లు పెట్టి ఆరుసార్లు నొక్కండి, 1482 వస్తుంది. వేళ్ల ఆకారం చెడకుండా చెయ్యి ఒక వరుస ఎడమకు జరిపి మూడుసార్లు నొక్కండి. కిటికీలో 8892. ఇన్వాయిసుల మీద బరువును రేటుతో హెచ్చించడం ఇలాగే.

అసలు నైపుణ్యం తీసివేతలో ఉంది. ఈ యంత్రం వెనక్కి తిరగదు, దానికి కూడడమే తెలుసు. అందుకని ప్రతి మీట మీద పెద్ద అంకె పక్కన ఒక చిన్న అంకె ముద్రించి ఉంటుంది, రెండూ కలిపితే 9. 8532లో నుంచి 3675 తీయాలి. చివర ఒకటి తగ్గించుకుంటే 3674. ఇప్పుడు చిన్న అంకెలు చూస్తూ 3, 6, 7, 4 నొక్కాలి. నిజానికి మీరు నొక్కుతున్న మీటల విలువ 6325. 8532కు 6325 కలిస్తే 14857. ముందున్న ఆ ఒకటి అక్కర్లేదు, అది పక్క వరుసలోకి పోకుండా ఆపడానికి వరుసకు ఒక చిన్న ఆపుమీట ఉంటుంది, దాన్ని ఎడమ చేతి వేలితో పట్టుకుంటారు. మిగిలేది 4857. సరిచూసుకోండి.

ఇదంతా ఆలోచించి చేసేది కాదు. మెదడు దాకా పోకుండా కంటి నుంచి వేళ్లకు పోవాలి. మా సెక్షనులో ఒకాయన మీటలు కొడుతూనే పక్కవారితో క్రికెట్ స్కోరు మాట్లాడేవారు. టోటలు మాత్రం తప్పేది కాదు.

బొటనవేలు

మీట సగమే నొక్కుకుంటే? ఫోనులోనే నాకు సగం అంకెలు తప్పు పడతాయి.

రిటైర్డ్_లెడ్జరు

దానికీ ఏర్పాటు ఉంది. తర్వాతి కాలపు యంత్రాల్లో మీట పూర్తిగా దిగకుండా పైకి వచ్చిందంటే మిగతా వరుసలన్నీ బిగుసుకుపోతాయి. ఏ వరుసలో పొరపాటు జరిగిందో అక్కడ సరిచేసి విడుదల మీట నొక్కితేనే మళ్లీ కదులుతుంది. కానీ 4కు బదులు 5 నొక్కితే పట్టుకునే దిక్కు లేదు. కాగితపు చుట్ట లేదు కదా, ఏం కొట్టామో దాఖలా ఉండదు. చివరి మొత్తం ఒక్కటే కనబడుతుంది. అందుకే ప్రతి షీటూ రెండుసార్లు కొట్టాలి, రెండు మొత్తాలూ ఒకటైతేనే పెన్సిలుతో టిక్కు.

బ్యాంకుల వాళ్లకు ఇది నచ్చేది కాదు. వాళ్లకు ప్రతి పద్దూ కాగితం మీద కనబడాలి. అందుకే బ్యాంకుల్లో బరోస్ రకం కూడిక యంత్రాలు ఎక్కువ: అంకెలు ఎక్కించి పిడి లాగితే కాగితం మీద పద్దు పడుతుంది. అమెరికా వాళ్లు "యాడింగ్ మెషిన్" అనేది ముఖ్యంగా వాటినే. కాంప్టోమీటర్ వేగానికి, బరోస్ దాఖలాకు.

థేమ్స్_ఒడ్డున

చదువుతుంటే సరదాగా ఉంది. లండన్‌లో మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు, యౌవనంలో కాంప్టోమీటర్ ఆపరేటర్‌గా పని చేశానని గర్వంగా చెప్పేవారు. ఇక్కడా, అమెరికాలోనూ అది ఎక్కువగా ఆడవాళ్ల ఉద్యోగం. కంపెనీయే బడులు నడిపేది, శిక్షణ పూర్తయితే సర్టిఫికెట్ ఇచ్చేవారు. పెళ్లయి పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ సర్టిఫికెట్ చూపించి తాత్కాలిక పనికి వెళ్లేదాన్నని అనేవారావిడ.

ఇక్కడి యంత్రాలకు ఇంకో తిరకాసు. అప్పట్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. కాబట్టి కుడి చివర వరుసలు పదికి కాకుండా పన్నెండుకూ ఇరవైకీ మారేలా ప్రత్యేకంగా చేసేవారు. 1971 ఫిబ్రవరి 15న పౌనుకు వంద పెన్నీలయ్యాయి, ఆ యంత్రాలన్నీ ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి.

ఇంకో సంగతి. ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి ఎలక్ట్రానిక్ బల్ల కాలిక్యులేటర్ అనిటా 1961లో ఇక్కడే వచ్చింది. తయారు చేసింది బెల్ పంచ్ అనే కంపెనీ, ట్రాము కండక్టర్లు టికెట్‌కు చిల్లు పెట్టే గంట పంచ్‌ల వల్ల వచ్చిన పేరు అది. ఆ కంపెనీ అప్పటికే కాంప్టోమీటర్ తరహా యంత్రాలు చేస్తోంది కాబట్టి అనిటా మీద కూడా వరుసకు తొమ్మిది మీటలే పెట్టింది. లోపల ఎలక్ట్రానిక్ గొట్టాలు (వాల్వులు), పైన మాత్రం అదే మీటల పొలం. పాత ఆపరేటర్ల వేళ్లు తడబడకూడదని.

అణా_కాణీ

షిల్లింగుల మాట వచ్చింది కాబట్టి: మన దగ్గర 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు (ఇప్పటి పైసలు కావు, దమ్మిడీ లెక్కల కాలం). పదుల యంత్రం మీద అది కుదరదు. 7 రూపాయల 11 అణాల 6 పైలను దశాంశంలోకి మారిస్తే 7.71875. పట్టిక చూసి మార్చి, కొట్టి, మళ్లీ వెనక్కి మార్చాలి. గుమాస్తాలు నోటితోనే గబగబా కూడేసేవారంటే ఆశ్చర్యం ఏముంది? ఎక్కాల పుస్తకంలో వీసం (పదహారో వంతు) ఎక్కం, అరవీసం ఎక్కం ఊరికే పెట్టలేదు.

మీ నాన్నగారు 1958లో చేరారు కాబట్టి నయాపైసల కాలం. అదృష్టవంతులు.

పదాల_గంప

మాట సంగతి నేను చెబుతాను. ఫ్రెంచిలో compter (పలకడం కోంతే) అంటే లెక్కించడం, దానికి మీటర్ తగిలించారు. ఇంగ్లీషు స్పెల్లింగులో "ఎం" పక్కన ఆ "పీ" అందుకే ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అనే మాటలో కూడా అదే "ఎంపీ" కనబడుతుంది గానీ అక్కడ అది దొంగ చుట్టరికం. ఆ మాట అసలు కంట్రోలరే. లెక్కలకు సంబంధించిన ఉద్యోగం కదా అని ఎప్పుడో ఎవరో ఫ్రెంచి మాటతో ముడిపెట్టి స్పెల్లింగు మార్చారు. పలకడం మాత్రం ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ కంట్రోలర్ అనే పలుకుతారు. మన పత్రికలు అక్షరం అక్షరం పలికి కంప్ట్రోలర్‌ను స్థిరపరిచాయి.

ఎంటర్_నొక్కు గారికి ఒక ఆసక్తికరమైన సంగతి. కంప్యూటర్ అనే హోదా కూడా మన ప్రభుత్వంలో ఉండేది, కానీ మనిషికి! జనగణన కార్యాలయాల్లో "కంప్యూటర్" అనే ఉద్యోగి ఉండేవారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ఈ-ఆర్ కాదు, ఓ-ఆర్. అంటే లెక్కలు కట్టే మనిషి. సర్వే ఆఫ్ ఇండియాలో ఎవరెస్టు ఎత్తు లెక్క తేల్చిన రాధానాథ్ సిక్దార్ హోదా కూడా అదే కోవది. కాబట్టి పాత రిజిస్టరులో ఎవరికైనా కంప్యూటర్ అని కనబడితే యంత్రం అనుకోకండి.

ఎంటర్_నొక్కు

అదే నేనూ అంటున్నాను. మనిషి కంప్యూటర్, మిషను కంప్యూటర్, కాంప్టిస్ట్ కంప్యూటర్. అందరూ కంప్యూటర్లే. చివరికి నా మాటకే వచ్చారు.

పదాల_గంప

మీకో నమస్కారం.

వాల్తేరు_లాబు

మనిషి కంప్యూటర్ల మాట వస్తే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ప్రస్తావన లేకుండా ఎలా? మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం ఎం.ఏ. చేసి 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. యుద్ధకాలంలో విదేశీ యంత్రాలు దొరక్కపోవడంతో, ఇక్కడే తయారు చేసుకోవాలని ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ 1943లో దానికోసమే ఒక సంఘం పెట్టారు. యుద్ధం ముగిశాక రావు గారిని కేంబ్రిడ్జి పిలిచింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించాలి. పుర్రె పొడవు, వెడల్పు, దవడ, ఒక్కో మనిషికి బోలెడు కొలతలు, వాటన్నింటికీ పరస్పర సంబంధాలు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అందుబాటులో లేని రోజులు, అంతా బల్ల యంత్రాల మీదే. ఇవాళ ఒక్క ఆజ్ఞతో వచ్చే మాట్రిక్స్ విలోమం అప్పుడు రోజుల తరబడి సాగే పని. సగంలో ఒక అంకె తప్పితే మొదటికి రావాలి.

మధ్యవర్తి

చర్చ బాగుంది, కానీ పెట్టెలో_కాగితాలు గారు అడిగిన అనువాదం సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

పదాల_గంప

"గణనయంత్ర చాలకుడు" అనవచ్చు.

గోదారి_గట్టు

అంటే ఎద్దులు కట్టి తోలుతున్నట్టుంది. పిల్లలు చదవాలండీ.

బొటనవేలు

గణకుడు?

అణా_కాణీ

గణకుడంటే జాతకం వేయించుకోవడానికి వస్తారు. పాత కావ్యాల్లో ఆ మాట జ్యోతిష్కుడికీ వాడారు, లెక్కలు రాసేవాడికీ వాడారు.

రిటైర్డ్_లెడ్జరు

హోదా పేరును అనువదించకండి. "కాంప్టిస్ట్" అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "కాంప్టోమీటర్ అనే లెక్కల మిషను మీద పద్దులు కూడే గుమాస్తా" అని ఒక ముక్క రాయండి. ఆఫీసులో మేము మాట్లాడుకునేటప్పుడు కూడా "మిషను సెక్షను", "మిషను మీద ఉన్నాడు" అనేవాళ్లం. తెలుగులో ఆ యంత్రానికి ఉన్న పేరు మిషనే.

ఆ గుమాస్తా ఏం కూడేవాడో కూడా రాయండి, లేకపోతే పిల్లలకు రుచించదు. ప్రతి స్టేషను నుంచీ టికెట్ల అమ్మకం లెక్కలు, గూడ్సు ఇన్వాయిసులు నెలనెలా వస్తాయి. ఒక వ్యాగను మన రైల్వేలో ఎక్కి ఇంకో రైల్వేలో దిగితే వచ్చిన కిరాయిని ప్రయాణించిన దూరాన్ని బట్టి పంచుకోవాలి. ఇన్వాయిసుకు ఒక చిన్న హెచ్చవేత, షీటుకు ఒక నిలువు మొత్తం, షీట్లన్నింటికీ ఒక పెద్ద మొత్తం, అది స్టేషను పంపిన మొత్తంతో టాలీ కావాలి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి విజయవాడ, హుబ్లీ డివిజన్లు దక్షిణ రైల్వే నుంచి, సికింద్రాబాదు, షోలాపూరు మధ్య రైల్వే నుంచి దాని కిందికి వచ్చాయి. మీ నాన్నగారి బదిలీ ఆ వేళప్పటిదే అయి ఉండాలి. మద్రాసులో కూడిన ఆ స్టేషన్ల పద్దులే సికింద్రాబాదులో మళ్లీ ఆయన చేతికి వచ్చి ఉండవచ్చు.

పెట్టెలో_కాగితాలు

చాలా చాలా ధన్యవాదాలు. లెడ్జరు గారి వాక్యం ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఇంకొకటి: అదే కవరులో ఒక గ్రూపు ఫొటో దొరికింది. ముందు వరుసలో బల్ల మీద ఒక యంత్రం. ముందు భాగమంతా గుండ్రటి మీటలు, దగ్గరదగ్గర వంద దాకా ఉంటాయేమో. కుడి పక్కన ఒక కడ్డీ లాంటిది నిలబడి ఉంది. ఇది ఏది?

రిటైర్డ్_లెడ్జరు

ముందంతా మీటలే ఉంటే ఫేసిట్ కాదు. బరోస్ రకానికీ ముందంతా మీటలు, పక్కన పిడి ఉండేవి గానీ, మీ నాన్నగారి హోదాను బట్టి కాంప్టోమీటరే అయి ఉండాలి. పది వరుసలకు తొంభై మీటలు, మీ వందకు దగ్గరే. అయితే కుడి పక్కనున్న ఆ కడ్డీ జవాబును చెరిపి సున్నాలకు తెచ్చేది. ఒక షీటు మొత్తం రాసుకోగానే దాన్ని ఒక్క లాగు లాగి తర్వాతి షీటు మొదలుపెడతారు. బాబాయి గారు చూసింది దాన్నే అయి ఉంటుంది. చుట్టూ తిప్పరు, ముందుకు లాగి వదిలేస్తారు. ఆయన కళ్లను శంకించనక్కర్లేదు, పేరు మాత్రం ఫేసిట్ కాదు.

గోదారి_గట్టు

నేను చెప్పలేదూ, అన్నింటినీ ఫేసిట్ అనేవారని.

పాతసామాను

ఆలస్యంగా వచ్చాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఈ మధ్య ఒక ఫేసిట్ కొన్నాను. మీటలు దిగుతున్నాయి, అంకెలు కదులుతున్నాయి, పిడి మాత్రం పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది. బలంగా తిప్పితే వస్తుందా?

వాల్తేరు_లాబు

వద్దు, బలం పెట్టవద్దు! లోపల పళ్లు విరిగితే మళ్లీ దొరకవు. మొదట పిడిని ఎటు నుంచి వచ్చిందో అటే మెల్లగా వెనక్కి తెచ్చి, మామూలుగా ఆగే చోట నిలపండి. స్థానం జరిపే భాగం రెండు స్థానాల మధ్య ఇరుక్కుని ఉంటే పిడి తిరగకుండా అడ్డుపడే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఒక చివరికి పూర్తిగా జరిపి చూడండి. అయినా కదలకపోతే దశాబ్దాల నాటి గ్రీజు గట్టిపడి ఉంటుంది. పైకప్పు మరలు విప్పి, కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్కో చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి. స్ప్రే నూనె కొట్టకండి, దుమ్మంతా అంటుకుంటుంది. మర్నాడు సున్నాలు ఎక్కించి ఖాళీగా తిప్పండి, ఆ తర్వాతే అంకెలతో.